అన్న ఈల పడిన క్యాసెట్టు

సెర్బియా, జ్రెన్యానిన్ కాపురస్తురాలు, కీర్తిశేషులు జివాన్ స్టోయ్‌కోవ్ గారి కుమార్తె, కంప్యూటరు మీద బొమ్మల సినిమాలు తీసి బతికిన నెవెంకా అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా స్థిరబుద్ధితో వ్రాసుకున్న వీలునామా. కాలేయం చెడిన మాట నిజమే, బుర్ర చెడలేదు. నేను ఆసుపత్రిలో ఉండగానే మా అన్న బోగోల్యుబ్ పత్రికలవాళ్లతో "మా చెల్లికి కంప్యూటరు నేర్పింది నేనే" అని చెప్పుకున్నాడు. అందుకే ఇంత తొందరగా వ్రాస్తున్నాను.

1. నా స్వార్జితమైన ఇల్లు, నా సినిమాల మీద సర్వహక్కులు నా తదనంతరం అన్న కూతురు ఇస్క్రాకు చెందవలెను. తండ్రి పోలిక రాకపోవడం ఆ పిల్ల అదృష్టం. వీటిలో దేనికీ బోగోల్యుబ్ పేరు తగిలించరాదు.

2. మిల్కా పిన్ని ఆస్ట్రియాలోని గ్రాట్స్ నుంచి కాఫీ పొట్లాల కింద దాచి సరిహద్దు దాటించిన నా మొదటి కంప్యూటరు కూడా ఇస్క్రాదే. రబ్బరు మీట ఒకటి ఊడింది. కాఫీ వాసన ఎప్పుడో పోయిందంటారు, నాకు ఇంకా వస్తుంది.

3. అమ్మ కర్ర గరిటె మిల్కా పిన్నికి. ఆ గరిటె విలువ కింద తెలుస్తుంది.

4. ఆ రోజుల్లో కంప్యూటరు ఆటలు రేడియోలో వచ్చేవి. శనివారం సాయంత్రం "పిల్లలూ, రికార్డర్లు సిద్ధమేనా?" అనగానే కీచుమని మోత మొదలయ్యేది. ఆ మోతే ఆట: క్యాసెట్టులో పట్టి కంప్యూటరుకు వినిపిస్తే తెర మీదికి వచ్చేది. మా ఇంట్లో రేడియోనూ టేప్‌రికార్డరునూ కలిపే తీగ లేదు. రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి రికార్డు చేసేదాన్ని, కనుక ఇంటిల్లిపాదీ నోరు మూసుకోవాలి. నాన్న దగ్గు వస్తే పెరట్లోకి పరుగెత్తేవాడు. పొయ్యి మీద ఐవార్ అనే మిరపకాయల పచ్చడి అడుగంటుతున్నా అమ్మ గరిటె కదిపేది కాదు. అన్న మాత్రం సరిగ్గా మధ్యలో వచ్చి ఈల వేసేవాడు. నేను ఏడిస్తే, "పోవే, పోయి మిరపకాయలు ఒలుచుకో! ఆడముండవి, నీకెందుకే కంప్యూటరు?" అనేవాడు. నాకప్పుడు పన్నెండేళ్లు. ఆ మాట క్షమించలేదు. క్షమించనని ఇందుమూలముగా తెలియజేయడమైనది.

5. అలా పాడైన క్యాసెట్టు ఒకటి దాచాను. కంప్యూటరుకు ఎక్కిస్తే తెర మీద కోట బొమ్మ సగం దాకా చక్కగా వస్తుంది. ఈల పడిన చోటినుంచి చెదిరి రంగు గీతలైపోతుంది. ఆట ఆడదు. ఏడుస్తూనే ఆ గీతలు చూశాను, బాగున్నాయనిపించింది. మర్నాడు అలాంటివి నేనే గీయడం మొదలుపెట్టాను. నా మొదటి సినిమాలో వాన అదే. దీనికి బోగోల్యుబ్‌కు కృతజ్ఞత చెప్పను. అతను పాడుచేశాడు, అందులో వాన చూసింది నేను.

6. ఆ క్యాసెట్టు బోగోల్యుబ్‌కు ఇస్తున్నాను. షరతు ఒక్కటే. నేను పోయాక నలభయ్యో రోజు పెట్టే భోజనాల దగ్గర అతను ఉపన్యాసం ఇవ్వరాదు. బదులుగా ఇస్క్రా ఆ క్యాసెట్టు అందరి ముందూ నా పాత కంప్యూటరుకు ఎక్కించవలెను. మోత వినిపిస్తున్నంతసేపూ అతను ముందు కుర్చీలో నోరు మూసుకుని కూర్చుని, తన ఈల తన చెవులతో వినవలెను. కోట చెదిరిపోయాక, ఇష్టముంటే మళ్లీ ఈల వేసుకోవచ్చు. తిట్టడానికి నేను ఉండను.

జ్రెన్యానిన్, 2024 నవంబరు 8
(సం.) నెవెంకా స్టోయ్‌కోవ్

సాక్షులు:
1. ఎటెల్కా సబో, పక్కింటావిడ
2. రత్కో వుయిన్, పళ్ల డాక్టరు (బోగోల్యుబ్‌తో పేకాడతాడు, అయినా నమ్మవచ్చు)