గడ్డిలో కనిపించని పులి

నా టీచరమ్మకి,

ట్రైనింగ్‌లో తిండి బాగుందా, మంచంలో నల్లులున్నాయా అని అడిగి, ఇక్కడంతా క్షేమం అని ముగించేస్తే ఎంత హాయిగా ఉండేదో! కానీ ఇక్కడ క్షేమం కాదు. ఫోన్లో చెబుదామని మొదలుపెట్టి, ధైర్యం చాలక వానల గురించి మాట్లాడి పెట్టేశాను. "ఏంటండీ, ఉన్నట్టుండి వానల మీద ఇంత శ్రద్ధ?" అని నువ్వు నవ్వావు కూడా. అందుకే కాగితం తీశాను. కాగితం మధ్యలో అడ్డుపడి ప్రశ్నలు వేయదు.

సూటిగా చెప్పేస్తాను. నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. పుట్టుకతోనే అంతే. పండిన టమాటా, పచ్చి టమాటా నా కంటికి అక్కాచెల్లెళ్లే. మ్యూజియంలో పాతకాలపు జంతువులకు రంగులు వేసి జీతం తీసుకునేవాడి మాట ఇది, నవ్వొస్తే నవ్వుకో. బట్టల కొట్లో "నీకేది నచ్చితే నాకూ అదే" అంటే మురిసిపోయేదానివి. ప్రేమ లేదని కాదు, కానీ అందులో సగం భయమే.

చిన్నప్పుడు బళ్లో డ్రాయింగ్ మాస్టారు నా బొమ్మ ఎత్తి పట్టుకుని, "ఈ చెట్టుకి ఏం జబ్బు చేసిందిరా?" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. ఆ తర్వాత బొమ్మలు వేయడం మానలేదు గానీ, రంగుల గురించి నోరు విప్పడం మానేశాను.

మరి ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చారు అంటావు. నా ప్రాణమంతా మట్టి పనిలోనే కదా. ఎముకల పెద్దాయన (మా డైరెక్టరుకి మేం పెట్టుకున్న పేరు) రాతిలో దొరికిన ఎముకలకు అచ్చులు తీయించి ఇస్తాడు. ఎముక మీద గరుకుగా ఉన్న చోటల్లా ఒకప్పుడు కండ అతుక్కుని ఉండేది. వేలితో తడిమితే అది ఎంత బలమైన కండో తెలిసిపోతుంది. దాన్నిబట్టి మట్టితో కండలు పెడతాను, దానిపైన చర్మం, ఆపైన వెంట్రుకలు. ఆ పని చేస్తున్నంతసేపూ నా అంతవాడు లేడనిపిస్తుంది. రంగు దగ్గరికొచ్చేసరికి పిల్లినైపోతాను. పెద్దాయన ఫలానా రంగు అని ఊహించి చెబుతాడు, నేను దారాలు చూసుకుని వేస్తాను. అవును, దారాలే. డబ్బా మీద పేరు రంగు కారి ఎప్పుడో మూసుకుపోతుంది కాబట్టి మూతలకు దారం కట్టుకుంటాను. పాచి కలిసిన గోధుమ రంగుకు ఒక ముడి, ఇటుక రంగుకు రెండు, అలాగన్నమాట.

ఈసారి చేసింది కోరపళ్ల పులి. పులి అంటే పెద్దాయన ఊరుకోడు, పులికి దూరపు చుట్టం అంటాడు. గడ్డిలో పొంచి ఉన్న భంగిమ. వెనక గోడ మీద గడ్డి మైదానం వేస్తున్న అమ్మాయి, పాపం మంచిదే, నా మూతలు ఎండిన రంగుతో బిగుసుకుపోతున్నాయని నానబెట్టి కడిగింది. దారాలు ఊడకుండా చూసింది. మూతలు మాత్రం చేతికందిన డబ్బాకల్లా పెట్టేసింది. పెద్దాయన చెప్పింది పాచి రంగు కాబట్టి నేను ఒక ముడి చూసుకుని, వెంట్రుక వెంట్రుకకీ కూర్చుని వేశాను. నా కంటికి బ్రహ్మాండంగా వచ్చింది.

నిన్న తెర తీశాం. తీయగానే వడ్రంగి, "పులికి మంటలంటుకున్నాయేంట్రా బాబూ!" అన్నాడు. అంతే, అందరూ విరగబడి నవ్వారు. పచ్చటి గడ్డిలో ఇటుక రంగు పులి! నేనూ నవ్వాను. ఎందుకో తెలియకపోయినా పదిమందితో కలిసి నవ్వేయడం నాకు అలవాటే. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "రేపు ఊరెళ్తున్నాను, వచ్చాక మాట్లాడదాం" అని వెళ్లిపోయాడు.

ఆయన వచ్చి అడిగేలోపే రాజీనామా ఇచ్చేస్తాను. అన్నయ్య ఫర్నిచర్ షాపులో చేరతాను. మట్టి వదలాలంటే ప్రాణం పోతున్నట్టే ఉంది. కానీ ఇంకోసారి అందరి మధ్యా నిలబడి ఆ నవ్వు వినలేను. నీకు చెప్పకుండా చేస్తే మరీ అన్యాయమని రాస్తున్నాను.

నీ బొమ్మలాయన


బొమ్మలాయనకి,

మీ ఉత్తరం చదివాక ఒళ్లు మండిపోయింది. రంగులు కనిపించనందుకు కాదు. ఇన్నేళ్ల కాపురంలో నాకొక్కదానికైనా చెప్పనందుకు. పచ్చి టమాటాలు తెచ్చినప్పుడల్లా ఇంటి మీద ధ్యాస లేదని ఎన్ని తిట్లు తిట్టాను! అన్నీ నోరు మూసుకుని ఎందుకు పడ్డారండీ? నేనూ మీ డ్రాయింగ్ మాస్టారిలా ఎగతాళి చేస్తాననుకున్నారా?

నా క్లాసులో బోర్డు కనిపించని పిల్లలు లేచి చెబితే ముందు బెంచీలో కూర్చోబెడతాను. బడి మానేసి పొమ్మనను. మీరు లేచి చెప్పనే లేదు, ఏకంగా బడి మానేస్తానంటున్నారు.

రాజీనామా ఇస్తే ఇవ్వండి, అది మీ ఇష్టం. కానీ అసలు కారణం మీ నోటితో చెప్పి ఇవ్వండి. ఒంట్లో బాగాలేదనో, సొంత పనులనో రాశారంటే మాత్రం ఇంటికొచ్చాక మీతో మాట్లాడను. అయినా ఆ షాపులో మీరు వారం కూడా నిలవరు. మంచానికి కాళ్లు పెట్టమంటే పంజాలు పెట్టి కూర్చుంటారు.

చదువుతూ ఏడ్చాను కూడా. ఇకమీదట మన మధ్య ఏదీ దాచకూడదు కాబట్టి అదీ రాస్తున్నాను.

కోపంగానే,
మీ టీచరమ్మ


నా టీచరమ్మకి,

నీ కోపం తగ్గిందో లేదో గానీ, నువ్వు చెప్పినట్టే చేశాను. పెద్దాయన ఊరి నుంచి రాగానే గదిలోకి వెళ్లి నిలబడ్డాను. ఎలాగో చెప్పేశాను, దారాల సంగతితో సహా. కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"అయితే నీ కంటికి ఆ పులి ఎలా ఉంది?" అన్నాడు.

"గడ్డిలో కలిసిపోయిందండీ. వడ్రంగి అనేదాకా తప్పు జరిగిందనే తెలియలేదు."

ఆయన చివాల్న లేచి, నా చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కెళ్లాడు. "ఎక్కడ నిలబడితే నీకు కనిపించకుండా పోతుందో అక్కడ ఆగు" అన్నాడు. నేను వెనక్కి నడిచి తలుపు దగ్గర ఆగాను. ఆయన కూడా వచ్చి నా పక్కన నిలబడి, పులినీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"జింకలూ గుర్రాలూ అచ్చం నీలాగే చూస్తాయయ్యా! ఇప్పటి పులి మన కళ్లకు భగ్గుమంటుంది. జింక కంటికి అది గడ్డిలో గడ్డి. వాటి పాత చుట్టాలూ అలాగే చూసి ఉంటాయి. నేనేమో ఇన్నాళ్లూ పులిని మన కళ్లకు కనిపించకుండా దాచాలని చూశాను. దాని భోజనం మనం కాదు కదా!"

"అయితే దాని రంగు ఇదేనంటారా?"

"ఎవడికి తెలుసు? కాకూడదని మాత్రం లేదు. ఇది మా ఊహ అని బోర్డు మీద రాసి పెడదాం." తర్వాత గొంతు తగ్గించి, "మమ్మల్ని నమ్మి ముందే చెప్పాల్సింది నువ్వు. అడగాల్సింది నేను. ఆ కాగితం తీసుకెళ్లి చించెయ్" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పాచి రంగో ఇటుక రంగో, ఆ హాలంతా కాసేపు మసకబారిపోయింది.

ఇప్పుడు నా పని ఏమిటో తెలుసా? పులి నా కంటికి ఎక్కడ పట్టుబడితే అక్కడ దిద్దడం. గోడ బొమ్మల అమ్మాయి డబ్బా తెరిచి రంగు పేరు పైకి చెబుతుంది, నేను సిగ్గు లేకుండా అడుగుతాను. వడ్రంగి వచ్చి, "మంటలు ఆర్పట్లేదంటగా?" అని భుజం తట్టాడు. ఈసారి ఎందుకు నవ్వుతున్నానో తెలిసే నవ్వాను.

ఇవాళ హాలు తెరిచారు. జనం మధ్య ఒకాయన, కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని నిలబడ్డాడు. "అదుగో నాన్నా, పులి!" అని ఆ పిల్ల కేకలు పెడుతోంది. ఆయన, "ఆఁ, కనిపించింది, ఎంత పెద్దదో!" అంటున్నాడు. చూస్తున్నది మాత్రం ఖాళీ గడ్డి వైపు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఇన్నేళ్లుగా అది నా గొంతే.

దగ్గరికెళ్లి మెల్లగా, "ఆ పులిని చేసింది నేనేనండీ. నాకూ కనిపించదు" అన్నాను.

ఆయన ముఖం తిప్పుకున్నాడు. అటు చూస్తూనే, "ఇంట్లో తెలుసా?" అని అడిగాడు.

"ఈమధ్యే చెప్పాను."

"ఏమన్నారు?"

"ముందే చెప్పనందుకు తిట్టిందండీ."

ఆయన నవ్వలేదు. కూతురి కాళ్లు గట్టిగా పట్టుకుని, తల పైకెత్తి, "అమ్మడూ, నాన్నకి కనిపించట్లేదమ్మా. వేలు పెట్టి చూపించవూ?" అన్నాడు. ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు, ఎగతాళీ చేయలేదు. ఆయన తల మీదుగా ముందుకు వంగి, "ఇదుగో, ఇది చెవి" అంటూ మొదలుపెట్టింది.

నీ బొమ్మలాయన