తోడల్లుడి పడవకి నా సర్టిఫికెట్

ఆదివారం, జగ్గయ్యపేట

మా తోడల్లుడు ప్రసాదు బందరు నుంచి చిన్న తెరచాప పడవ కొనుక్కొచ్చాడు. అందులో అండమాన్ వెళతాడట. నందిగామ బస్సెక్కితేనే వాంతి చేసుకునే మనిషి! వీధంతా వచ్చి పడవతో సెల్ఫీలు దిగింది. "మా బావని చూసి నేర్చుకోండి," అంది మా ఆవిడ. ఒళ్ళు మండిపోయింది.

"తమ్ముడూ, ఫైబర్ పని నీకు తెలుసుగా, సముద్రం దాటుద్దో లేదో చూసి చెప్పు," అన్నాడు ప్రసాదు. నాకు తెలిసింది నీళ్ళ ట్యాంకులకు అతుకులెయ్యడం. ట్యాంకుకి చేసినట్టే పైపు పెట్టి పడవ నిండా నీళ్ళు పట్టాను. చుక్క కారలేదు. జనం చప్పట్లు కొట్టారు. నీళ్ళు తోడేశాక లోపలికి దిగి మోకాలితో నొక్కితే మాత్రం అడుగు మెత్తగా కుంగింది. ఒడ్డు వెంట తిరగడానికి సరే గానీ, నడిసముద్రంలో రెండు అలలు కొడితే పగిలిపోతుంది.

"ఏమంటావ్?" అన్నాడు.

"బ్రహ్మాండం అన్నా! సింగపూరు దాకా పో," అన్నాను. పిచ్చోడు నన్ను కౌగిలించుకున్నాడు.

ఇప్పుడు నిజం చెబితే ఎవడు నమ్ముతాడు? కుళ్ళు అంటారు. కుళ్ళే, కాదనను. పొద్దున్నే వెళ్ళి అందరి ఎదుటా ఆ అడుగుని సుత్తితో ఒక్కటేస్తాను. పడవ పోతుంది, ప్రసాదు బతుకుతాడు. రెండిట్లో నాకు ఏది ఎక్కువ సంతోషమో మాత్రం అడక్కూడదు.