మెల్‌ఫర్ట్ నుంచి గ్లాడిస్

కలినా, సస్కచెవాన్
మార్చి 11, 2018, ఆదివారం

ప్రియమైన కుమా వెర్నాకు,

నా బిడ్డకు జ్ఞానమాతవై నాకు కుమావైన నీకు మరుసియా నమస్కారాలు. నువ్వు క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాదేగానీ, నువ్వు క్షేమంగా ఉన్నావని నాకు తెలుసు. నా వంటింటి కిటికీలోంచి నీ పొగగొట్టం కనబడుతుంది. పొద్దున ఆరున్నరకు పొగ లేచింది. ఎనిమిదికల్లా వాకిట్లో మంచు తవ్వేశావు. వీధి దాటితే నీ ఇల్లు. అయినా స్టాంపు అంటించి పంపుతున్నాను. నువ్వు మొహం మీద తలుపేస్తావని కాదు, ఎదురుగా నిలబడితే నేనే సగంలో ఆపేస్తానని.

ఇక్కడ మేమూ బాగానే ఉన్నాం. మా ఆయన నెస్టర్ మోకాళ్లు ఎప్పటిలాగే వానకీ మంచుకీ ముందే చెబుతున్నాయి. గురువారాలు మెల్‌ఫర్ట్ వెళ్లి వృద్ధాశ్రమంలో పిన్నిని చూసి వస్తున్నాను. ఆవిడ నన్ను పోల్చుకోవడం మానేసి నెలయింది. అయినా వెళుతున్నాను, జుట్టు దువ్వి వస్తున్నాను. మొన్న తిరిగి వచ్చేటప్పుడు దారిలో కారాపుకుని పావుగంట ఊరికే కూర్చున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను. అలసిపోయాను, అంతే.

ఫిబ్రవరి ఇరవై ఏడు మంగళవారం, మన ఐస్ హాకీ రింకు వంటగదిలో నువ్వన్న మాటలు మనసులోంచి పోవడం లేదు. ముందురోజే మన నార్త్‌మెన్ వాళ్లు ఒరెస్ట్‌ను మంచే ఎరగని ఊరి హాకీ జట్టుకు మార్పిడి బేరంలో ఇచ్చేశారు. నువ్వు బంగాళాదుంప కూరి చేసే పెరోగీల పళ్లెం వదిలేసి కన్నీళ్లు పెట్టుకున్నావు. నేను పిండి పిసుకుతూనే ఉన్నాను. అప్పుడు అన్నావు: “బాప్తిస్మం నాడు వాణ్ణి ఎత్తుకున్నదాన్ని నేను ఏడుస్తుంటే, కన్నదానివి నీకు చీమ కుట్టినట్టయినా లేదే! ఆ మెల్‌ఫర్ట్ మహాతల్లి ఆరు వారాలపాటు రేడియోలో వాణ్ణి సంత పశువులా బేరం పెడితే, ఒక్కసారైనా ఫోనెత్తి ‘వాడు నా కొడుకు’ అన్నావా? నీకు గుండె ఉండాల్సిన చోట లెక్కల పుస్తకం ఉంది.” ఏప్రన్ విప్పి కొక్కేనికి కూడా తగిలించకుండా వెళ్లిపోయావు. దాన్ని ఉతికి మడతపెట్టి ఉంచాను.

నువ్వన్నది నిజం. నేను ఫోనెత్తలేదు. ఎందుకెత్తలేదో చెప్పడానికే ఈ ఉత్తరం. చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నవాడే మొన్న ఆ ఒట్టు తీసేశాడు.

నవంబరు పద్దెనిమిది ఆట నీకు గుర్తుండే ఉంటుంది. మనిద్దరం నీ ఇంట్లోనే చూశాం. ఒరెస్ట్‌ను వెనకనుంచి గోడకేసి గుద్దారు. నువ్వు టీవీ మీదికి చెప్పు విసిరావు. వాడు లేచి ఆడాడు, మనం చప్పట్లు కొట్టాం. ఆదివారం ఫోన్లో మెడ పట్టేసిందన్నాడు. వాడు బళ్లోకి వెళ్లే రోజుల నుంచీ జ్వరాలూ దెబ్బలూ నేను రాసిపెట్టుకునే బూడిదరంగు పుస్తకం ఉందిగా, అందులో రాసుకున్నాను. డిసెంబరు మూడున, నిద్రపట్టడం లేదన్నాడు. పదిహేడున, ఎడమ చెయ్యి తిమ్మిరిగా ఉంటోందన్నాడు, వెంటనే నవ్వేసి మాట మార్చాడు.

జనవరి ఆరున మన పాత క్యాలెండరు క్రిస్మస్ పండుగ భోజనానికి వచ్చాడు కదా. నువ్వు నీ కూతురింటికి వెళ్లిన సాయంత్రం. కుత్యా గిన్నె అందించబోయి వదిలేశాడు. గోధుమలూ తేనే బల్లనిండా పడ్డాయి. జారిందమ్మా అన్నాడు. జారలేదు వెర్నా. ఆ చేతి మూడు వేళ్లకు గిన్నె ఉన్నట్టే తెలియలేదు. వంటింట్లో ఆ వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటీ నొక్కి చూశాను. రెంటికి సూది గుచ్చినా తెలియడం లేదు.

క్లబ్బు డాక్టరుకు చెప్పావా అంటే, బాగానే ఉందని చెప్పానన్నాడు. ఒప్పందం ఈ వేసవితో ముగుస్తుంది, ముప్పై ఒకటి నిండాయి, మెడ చెడినవాడికి ఎవరూ కొత్త ఒప్పందం ఇవ్వరన్నాడు. “ఇంకో మూడు నెలలమ్మా. ఒక్క సంతకం పడనీ. ఎవ్వరికీ చెప్పనని అమ్మమ్మ పటం మీద ఒట్టెయ్యి. వెర్నా పిన్నికి అసలు చెప్పకు. ఆవిడకు తెలిస్తే క్లబ్బు ఆఫీసుకే పోయి కూర్చుంటుంది” అన్నాడు. అమ్మమ్మ పటం ముందు నాచేత ఒట్టు వేయించుకున్నాడు. నెస్టర్ కూడా, “వాడి ఒళ్లు, వాడి కూడు. నువ్వు కలగజేసుకుంటే జన్మలో క్షమించడు” అన్నాడు.

ఆ రాత్రే భోజనాల దగ్గర నెస్టర్, నిన్ను వేరే జట్టుకు ఇచ్చేస్తారని పుకారుందే అన్నాడు. ఒరెస్ట్ చెంచా కింద పెట్టేశాడు. “ఇస్తే కొత్తవాళ్ల డాక్టరు పళ్ల నుంచి గోళ్ల దాకా చూస్తాడు నాన్నా, గుర్రాన్ని చూసినట్టు. స్కాన్ బొమ్మలు తీస్తాడు. ఆయన సరేనంటేనే బేరం ఖాయం” అన్నాడు. ఆ తర్వాత మళ్లీ చెంచా ముట్టలేదు.

ఇదీ నా మౌనం. మంగళవారం మంగళవారం నువ్వు నా బల్ల దగ్గర కూర్చుని, వాణ్ణి ఇచ్చేయమని రేడియోకు ఆ గ్లాడిస్ రాసిన ఉత్తరానికి జవాబు రాసివ్వమంటే రాసిచ్చాను. జట్టు మొత్తం జీతాలకు ఏడున్నర కోట్ల డాలర్ల పరిమితి, అందులో ఒరెస్ట్‌వి నలభై అయిదు లక్షలు, వాడు మంచు మీద ఉన్నప్పుడు అవతలివాళ్లు వేసిన గోల్స్ ఎన్ని, లేనప్పుడు ఎన్ని, అన్నీ తీసి ఇచ్చాను. నువ్వు రేడియోకు ఫోన్ చేసి, “గ్లాడిస్‌గారూ, కోళ్లను లెక్కపెట్టడం వేరు, మనుషుల్ని లెక్కపెట్టడం వేరు!” అన్నప్పుడు నెస్టర్ కూడా బల్ల చరిచాడు. అందరికంటే నువ్వే వాడికోసం పోట్లాడావు. అది నేను మరిచిపోను.

ఆ తర్వాత జరిగింది నువ్వు పేపర్లో చదివే ఉంటావు. మార్చి ఒకటిన బేరం రద్దయింది. కారణం “శరీరం పైభాగంలో గాయం” అని ఒక్క ముక్క రాశారు. ఆ ఒక్క ముక్క వెనక ఉన్నది ఇది. అక్కడి డాక్టరు బొమ్మలు తీసి ఒరెస్ట్‌ను కూర్చోబెట్టి చూపించాడట. మెడలో ఎముకల మధ్య మెత్తటి బిళ్ల జారి వెన్నుపామును నొక్కుతోంది. ఇంకొక్కసారి గోడకేసి గట్టిగా తగిలితే మెడ కిందనుంచి ఏదీ కదలకపోవచ్చునన్నాడట. ఆ మెడతో వాడు నలభై ఒక్క ఆటలు ఆడాడు, వెర్నా. తేదీలతో సహా నా పుస్తకంలో ఉన్నాయి.

మార్చి ఎనిమిదిన నగరంలో ఆపరేషన్ అయింది. నాలుగు గంటలు పట్టింది. నిన్న రెండు వేళ్లకు స్పర్శ వచ్చింది. మళ్లీ ఆడతాడా అని అడిగితే, డాక్టరుగారు నడుస్తాడమ్మా అన్నారు. అది చాలన్నాను. ఒరెస్ట్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాడికి అది చాలదని నాకు తెలుసు. ఇంక వెర్నా పిన్నికి చెప్పెయ్యి అని మాత్రం అన్నాడు.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు, నువ్వు రాని ఆ మంగళవారం, పెరోగీలకు మనిషి చాలక రింకు వంటగదిలో నేనొక్కదాన్నే అంచులు నొక్కుతున్నాను. బయట బల్ల దగ్గర సైరిల్, ఎల్మర్ కాఫీ తాగుతూ ఎప్పటి వాదనే పెట్టుకున్నారు.

“ఒరెస్ట్‌ను గాయాల జాబితాలో వేశారుగా. ఇంక వాడి నలభై అయిదు లక్షలూ పరిమితిలోకి రావు. అంత చోటు ఖాళీ! అడక్కుండా వచ్చిన వరం, పో” అన్నాడు సైరిల్.

“నీ మొహం వరం. ఆటగాళ్లను కొనుక్కునే గడువు దాటి వారమైంది. ఆ చోట్లో ఎవణ్ణి పెడతావు, మీ బావమరిదినా?” అన్నాడు ఎల్మర్.

“మా బావమరిదైతే ఊరికే ఆడతాడు.”

“అతను ఆడితే చూసినందుకు మనకి డబ్బివ్వాలి.”

ఇద్దరూ పకపకా నవ్వారు. అప్పుడు కిటికీలోంచి నేను కనబడ్డాను. ఎల్మర్ టోపీ తీసేశాడు. కుర్రాడెలా ఉన్నాడమ్మా మరుసియా అన్నాడు. బాగున్నాడన్నాను. వాళ్లమీద నాకు కోపం రాలేదు. మనం ముప్పై ఏళ్లుగా ఇంకొకళ్ల పిల్లల మోకాళ్ల గురించీ భుజాల గురించీ ఇలాగే మాట్లాడుకున్నాం. ఆ పిల్లల తల్లులూ ఎక్కడో కిటికీ వెనక పెరోగీలు నొక్కుతుంటారని ఎప్పుడైనా అనుకున్నామా?

నువ్వు నన్ను క్షమించాలని రాయడం లేదు. నీ దగ్గర దాచడం నాకు ఎంత బరువైందో తెలియాలని రాస్తున్నాను. వాడికి నేను ఎంత తల్లినో నువ్వూ అంతే. వచ్చే ఆదివారం వాణ్ణి ఇంటికి తీసుకొస్తున్నాం. మెడకు పట్టీ ఉంటుంది, గట్టిగా వాటేసుకోకు.

ఇట్లు
నీ కుమా,
మరుసియా

తా.క. ఉత్తరం అంటించి మళ్లీ చింపాను. కవరు వంకరగా ఉంటే అందుకే.

గ్లాడిస్ ఇంక రాయదు, వెర్నా. ఆ పేరు మా పిన్ని పక్క మంచంలో ఉండి కొత్త సంవత్సరం మర్నాడు పోయిన ఆవిడది. తలుపు మీద ఇంకా ఉంటే అరువు తెచ్చుకున్నాను. ఆరు ఉత్తరాలూ గురువారాలు పిన్ని మంచం పక్కన కూర్చుని రాసి, మెల్‌ఫర్ట్‌లోనే పోస్టు చేశాను. వాడి మెడ సంగతి ఎవ్వరికీ చెప్పనని ఒట్టేశాను. వాణ్ణి అమ్మేయమని ఎవరితోనూ అననని ఒట్టేయలేదు. రేడియోలో చదివే ఉత్తరాలు విని క్లబ్బువాళ్లు ఆటగాళ్లను ఇచ్చేస్తారని నేననుకోను. కానీ నా చేతిలో ఉన్నది కలం ఒక్కటే. వాడు ఎడమవైపు తిరగడానికి ఆలస్యం చేస్తున్నాడని, వేసవిలో ఊరికే పోయేవాణ్ణి ఇప్పుడే ఇచ్చేసి ఆ జీతంతో గోల్స్ కొట్టేవాణ్ణి తెచ్చుకోమని రాశాను. నా బిడ్డ గురించి అలా రాసి, మళ్లీ మంగళవారం నీ జవాబుకు లెక్కలు తీసిచ్చాను. రెండువైపులా ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు. ఫిబ్రవరి పదమూడున రేడియో వాదనలో నువ్వే గెలిచావు. అందరూ నిన్ను మెచ్చుకుంటుంటే, క్లబ్బువాళ్లు నీ మాటే వింటారేమోనని భయంతో నాకు అన్నం సయించలేదు.

ఒరెస్ట్‌కు ఇది తెలియదు. నిన్న సాయంత్రం, ఆ మెల్‌ఫర్ట్ ఆవిడ చిరునామా సంపాదించమ్మా అన్నాడు. ఎందుకురా అంటే చెప్పలేదు. ఆవిడ ఎప్పుడూ చిరునామా రాయలేదన్నాను. అది నిజమే. వచ్చే ఆదివారం నిన్ను కూడా అడుగుతాడు. చెబుతావో మానుతావో నీ ఇష్టం. ఆరు వారాలు రెండువైపులా నేనే మాట్లాడాను, ఇంక ఓపిక లేదు.

మంగళవారానికి పదిహేను కిలోల బంగాళాదుంపలు తొక్క తీయాలి. ఏప్రన్ నీ కొక్కేనికే తగిలించాను.