గల్లీ పెళ్లికొడుకుల బంగారు గడియారం

హైదరాబాదు పాతబస్తీ, చార్మినార్ దగ్గర గాజుల వ్యాపారం చేసిన కీర్తిశేషులు గంప నాగయ్య గారి కుమారుడను, డెబ్బై నాలుగేళ్ల గంప కైలాసం అను నేను, తుంటి ఎముక విరిగి మంచం పట్టినా మతి మాత్రం ఎక్కడికీ పోలేదని, ఎవరి బలవంతమూ లేకుండా స్వబుద్ధితో ఈ వీలునామా వ్రాయిస్తున్నానని ఇందుమూలముగా తెలియజేయడమైనది. బలవంతం చేయగలవాళ్లు ఇద్దరు, అంటే నా కొడుకూ అల్లుడూ, ఇప్పుడు తలుపు అవతలే నిలబడి ఉన్నారు. లోపల గొళ్లెం పెట్టించాను. ఇంతకుముందు నేను వ్రాసినట్లు ఎవరు ఏ కాగితం చూపించినా చెల్లదు. నేనెన్నడూ ఏదీ వ్రాయలేదు.

1. నేను నివసించే ఇల్లు, గాజుల దుకాణం, అందులోని సరుకు నా ఏకైక కుమారుడు బసవయ్యకు సర్వహక్కులతో చెందవలెను. పక్కింటి శివయ్య డాబా నీళ్లు మన గోడ మీద పడే తూము గురించి ఏళ్ల తరబడి నడుస్తున్న లొల్లి కూడా సర్వహక్కులతో అతనికే సంక్రమించును. నేను కన్ను మూయగానే రాజీ పడిపోతాడేమోనని నాకు అనుమానం.

2. నా భార్య కీర్తిశేషురాలు మాణిక్యమ్మ నగలన్నీ మా కుమార్తె సావిత్రికి, ఆమె చేతికే ఇవ్వవలెను. అల్లుడు అంజన్ మలక్‌పేటలో ఇల్లు తీసుకున్నప్పుడు "ఆడ గాలి మంచిగుంటది మామా" అన్నాడు. అక్కడి రేసు మైదానంలో గుర్రాలు ఉరికితే వచ్చే గాలి ఎంత మంచిదో నాకు తెలుసు. నగలు అతని కంట పడకుండా బ్యాంకులో పెట్టుకోవలెను. సావిత్రీ, నీ మీద నాకు అనుమానం లేదు బిడ్డా. నీ మెతకదనం మీదే ఉంది.

3. ఇంట్లోని బీరువాల తాళాల గుత్తి కోడలు కళావతికి. ఆమె నా మజ్జిగలో ఏదో కలుపుతున్నదని నేను కనిపెట్టాను. అడిగితే, డాక్టరు రాసిన మందేనట, చేదని నేను ఉమ్మేస్తున్నానని అట్లా కలిపిందట. అయినా చెప్పకుండా కలపవచ్చునా? ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒక్కనాడూ ఆమె తాళాలు అడగలేదు. అడిగేవాళ్లతో ఫికర్ లేదు, వాళ్లకేం కావాలో తెలిసిపోతుంది. అడగని మనిషిని కనిపెట్టుకుని ఉండి ఉండి నేనే అలిసిపోయాను. ఇక తాళాలు ఆమె దగ్గరే ఉండనీ.

4. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత పైన చెప్పిన శివయ్యకే అప్పగిస్తున్నాను. నా స్నేహితులైతే చాయ్ తాగించగానే నా కొడుకు పక్షం చేరిపోతారు. శివయ్యకు మా ఇంట్లో ఎవరన్నా గిట్టదు. గిట్టనివాడు దారి తప్పడు.

5. ఇక బంగారు గడియారం. తలుపు అవతల చెవులు దీని కోసమే.

నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు ఒక నవాబు గారి దేవిడీలో సామాను అమ్ముతుంటే దీన్ని కొన్నాను. అమ్మిన మున్షీ "సేఠ్, యే టైమ్ దేఖ్‌నే కీ ఘడీ నైఁ, మెహఫిల్ కీ హై" అన్నాడు. వేళ చూసుకోవడానికి కాదు, నలుగురిలోకి పోయేటప్పుడు పెట్టుకోవడానికి అని. అంత తీయగా మాట్లాడాడంటే ఇత్తడేమోనని రెండు దుకాణాల్లో గీటు పెట్టించాను. ఇద్దరూ మేలిమి అన్నారు. ఇద్దరూ మున్షీతో కలిసిపోయారని కొన్నాళ్లు అనుమానించాను.

పలచని గడియారం. చొక్కా చేతి కిందికి జారితే ఉన్నట్టే తెలియదు, చెయ్యి ఎత్తినప్పుడు మాత్రం తళుక్కుమంటుంది. మీగడ రంగు ముఖం, రెండే సన్నని ముళ్లు. పొద్దున్నే కీ ఇవ్వాలి. దాన్ని పెట్టుకున్న రోజున గాజులమ్మే కైలాసం నడకే మారిపోతుందని మాణిక్యమ్మ నవ్వేది. నిజమే, మారేది. ఇప్పటికీ దాన్ని చూస్తే నా కడుపు నిండుతుంది.

మా గల్లీలో ఎవరింట పెళ్లి కుదిరినా మొదట నా గడప తొక్కేవారు. "ఫోటోల మందం ఇయ్యి బాపూ" అనేవారు, ఫోటోల వరకే అని. ఇచ్చేవాణ్ణి. కాని నేను వెంట లేకుండా అది గడప దాటలేదు. ముందు వరసలో కూర్చుని పెళ్లికొడుకు మణికట్టు మీది నుంచి కన్ను తిప్పేవాణ్ణి కాదు. బావమరదులు సరసానికి ఊడదీస్తారేమో, ఫోటోగ్రాఫరు మాయం చేస్తాడేమో అని బెంగ. అప్పగింతలకు ముందే నా చేత్తో విప్పుకుని, ఇంటికి రాగానే చిన్న తక్కెడలో తూచేవాణ్ణి. ఎన్నడూ గురిగింజ ఎత్తు తగ్గలేదు. తగ్గనందుకు అనుమానం ఇంకా పెరిగేది. ఇన్ని పెళ్లిళ్లు చూశాను, ఒక్క పెళ్లికూతురి ముఖం గుర్తు లేదు, ఏం వడ్డించారో గుర్తు లేదు.

బంగారం ధర మండిపోతున్నప్పటి నుంచి బసవయ్య కన్ను దాని మీద పడింది. "గడియారంల ఏమున్నది నాయినా, కరిగిస్తే దుకాణానికి అద్దాల బీరువాలు అయితయి" అన్నాడు. అప్పటి నుంచి దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను.

మొన్న జనవరిలో ఇశ్రాయేలు కొడుకు ప్రభుదాసు పెళ్లి. ఇశ్రాయేలు రైల్వేలో పని చేస్తాడు. ఒకప్పుడు మా గల్లీలో అద్దెకుండి ఇప్పుడు ఉప్పుగూడలో ఇల్లు కట్టుకున్నాడు. పిలవడానికి రాగానే చెప్పేశాను, నేను లేవలేను, నేను రానిదే గడియారం రాదని. సరే బాపూ అని వెళ్లిపోయాడు. అంత తొందరగా సరే అన్నాడంటే ఏదో ఎత్తు వేశాడనుకున్నాను.

పెళ్లి రోజు మధ్యాహ్నం చర్చి నుంచి తిన్నగా మా ఇంటి ముందు ఆటోలు దిగాయి. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ఇశ్రాయేలు, వెనక ఫోటోగ్రాఫరు. గడియారం దిండు కింద నుంచి లాగి విరగని వైపు తొడ కింద పెట్టుకున్నాను. పెళ్లికొడుకే వస్తే ముసలోడు కాదనలేడని వచ్చారు, దొంగ నాయాళ్లు అని మనసులో తిట్టుకున్నాను.

ప్రభుదాసు మంచం అంచున కూర్చున్నాడు. అతని చేతికి అత్తవారు పెట్టిన కొత్త స్టీలు గడియారం ఉంది. "గడియారం కోసం రాలే బాపూ. మా గల్లీల నువ్వు లేని పెళ్లి ఫోటో ఉన్నదా? నువ్వు పక్కకు లేకుంటే నాకు పెళ్లి అయినట్టే అనిపిస్తలేదు" అన్నాడు. ఇశ్రాయేలు అందుకుని, "ఏ ఫోటో చూసినా తల వంచుకోనే ఉంటవు. గంత పెద్దమనిషికి గింత వినయం ఏందని మా ఆమె ఎప్పుడూ అంటది" అన్నాడు.

వినయమట! మణికట్టుకు కాపలా కాస్తుంటే అది వినయమట.

నన్ను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. పెళ్లికూతురు లీలమ్మ నా శాలువా సర్దింది. నుదుటి మీద చిన్న మచ్చ, నవ్వితే ఒక బుగ్గ పైకి పోతుంది. నాకు ఏడుపు వచ్చింది. ఇన్నేళ్లూ గల్లీవాళ్లు నన్ను భరించింది గడియారం కోసమే అనుకున్నాను. చాయ్ తాగి వెళ్లిపోయారు. తొడ కింద చూసుకున్నాను, ఉంది. తర్వాతైనా ఏదో అడుగుతారని ఎదురుచూశాను. ఇవాళ్టి దాకా ఏమీ అడగలేదు.

కావున సదరు గడియారం బసవయ్యకే చెందవలెను. అందరికంటే ఎక్కువ అనుమానం అతని మీద ఉన్నందుకే ఇస్తున్నాను. షరతు ఏమనగా, గల్లీవాళ్లు గాని గల్లీ విడిచిపోయినవాళ్లు గాని ఎవరు పిలిచినా అతడు స్వయంగా పోయి, తన చేత్తో పెళ్లికొడుకు చేతికి పెట్టి, పక్కన నిలబడి ఫోటో దిగవలెను. తల ఎత్తి ఉండవలెను. కడుపునిండా తిని రావలెను. ఆ ఫోటో శివయ్యకు చూపించవలెను. అట్లా ఐదు పెళ్లిళ్లు అయ్యాక కరిగించుకునే పూర్తి హక్కు అతనికి కలదు. అప్పటికీ చేతులు వస్తే కరిగించుకోవచ్చు.

6. ఒకవేళ ఆ గడియారం పోయినా, ఎవరైనా కాజేసినా, బసవయ్య మాట తప్పి ముందే కరిగించినా, పిలిచిన పెళ్లికి మాత్రం బసవయ్య ఒట్టి చేతులతోనైనా పోవలెను. వాళ్లు పిలిచేది మనిషిని.

పై సంగతులన్నీ చదివించుకుని విని, మొదటిసారి ఈ కాగితం వ్రాసిన గుమస్తా ఏదైనా మింగేశాడేమోనని మళ్లీ చదివించుకుని విని, సరిగా ఉన్నందున ఈ క్రింద నా వ్రాలు చేశాను.

చార్మినార్, హైదరాబాదు
1980వ సంవత్సరం మార్చి నెల 12వ తేదీ

(వ్రాలు) గంప కైలాసం

సాక్షులు:
1. ఇశ్రాయేలు, రైల్వే ఉద్యోగి, ఉప్పుగూడ
2. ఆగయ్య, కిరాణా వర్తకుడు, మా గల్లీ