అడ్డం నిలబడినవాడి అమ్మ

మాస్టారికి,

ఉత్తరం మొదట్లో ప్రియమైన అని రాయాలట. నాకు చేయి రావడం లేదు. మీ దగ్గర ఏడో తరగతి దాకా చదివిన నా చిన్నోడు చచ్చిపోయాడు. మీరే చంపారని రాయడానికి కూర్చున్నాను.

వాడు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగేవాడు. సోమవారం పొద్దున ఒక ముసలి కూలీ చేతిలోంచి దిమ్మ జారి పగిలింది. మేస్త్రీ ఆయన్ని కింద పడేసి పొట్టలో తన్నాడు. "ఐసు నీ తాత తెచ్చిస్తాడంట్రా ముసలోడా?" అంటూ దిమ్మలు లాగే ఇనప కొక్కెం ఎత్తాడు. ఉన్నవాళ్ళందరూ గోడకి అంటుకుపోయారు. నా కొడుకు వెళ్ళి మధ్యలో నిలబడ్డాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు మాస్టారూ! "తాతని వదిలేయ్ మేస్త్రీ" అన్నాడట, అంతే. కొక్కెం మెడలో దిగింది. మేస్త్రీ దాన్ని వెనక్కి లాగాడు. నేను వెళ్ళేసరికి ఐసు మీద గడ్డకట్టిన నెత్తుర్ని పారతో గీకుతున్నారు. ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోవడం లేదు.

చేతులు ముందుంటే మెడకి అడ్డం పెట్టుకునేవాడు కదా?

అలా నిలబడటం మీరు నేర్పిందే. వాళ్ళ నాన్న నన్ను బెల్టుతో బాదుతుంటే పదేళ్ళప్పుడు అలాగే వచ్చి నిలబడ్డాడు. భుజాలు చిట్లినా కదల్లేదు. "మా మాస్టారు ఇలాగే నిలబడతారమ్మా" అన్నాడు. ఆయన బెల్టు పారేసి ఇల్లు వదిలి పోయాడు. ఆ రోజు మీకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఈ రోజు మీ చేతులు పడిపోను అని తిడుతున్నాను. వాడు పుట్టుకతోనే మెతక. ఈగని కూడా కొట్టి ఎరగడు. అలాంటివాణ్ణి కొక్కెం కిందకి తోశారు.

పెద్దోడు మీకు తెలీదు. వాణ్ణి పనిలో పెట్టి చిన్నోణ్ణి చదివించాను. ఐసు బండి తోలతాడు. ఇప్పుడు అన్నం ముట్టడు. ఐసు పొడిచే ఊచని గచ్చు మీద అరగదీస్తూ కూర్చుంటాడు. మేస్త్రీకి బెయిలు వస్తుందంటున్నారు. నాకు మిగిలింది వీడొక్కడే. ఏం చెబుతారో చెప్పండి.

కడుపు మండిపోతున్న
చిన్నోడి అమ్మ

*

ప్రియమైన అమ్మా,

తిట్టండి. చేతులు ముందుంటే బతికేవాడేమో.

కానీ మీరు రాసినదాంట్లో ఒక మాట నిజం కాదు. వాడు మెతక కాదు. మూడో తరగతిలో పక్కవాడి నోటిమీద పలక అంచుతో కొట్టాడు. పెదవి చీలి పన్ను ఊడి వచ్చింది. ఆ పిల్లవాడు కింద పడ్డాక కూడా మీవాడు మళ్ళీ పలక ఎత్తాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆ దెబ్బ నా కంటిమీద పడింది. ఇప్పటికీ ఆ కంటికి అంతా మసకే. చేతులు వెనక్కి ఎందుకంటారా? వాడి వీపు మీద బెల్టు వాతలు అంతకుముందే చూశాను. పెద్దవాడి చేయి ఏ కాస్త లేచినా అది దెబ్బే అనుకునే పిల్లవాడు.

నిజం మీకు చెబితే ఇంట్లో మళ్ళీ బెల్టు లేస్తుందని భయపడి, కంటికి తలుపు తగిలిందని అందరికీ చెప్పాను.

మెతకవాడైతే గోడకి అంటుకుపోయేవాడమ్మా. ఇది మీ పెద్దబ్బాయికి చదివి వినిపించండి. నాకు మంచం దిగడం కష్టంగా ఉంది. లేకపోతే వచ్చి మీ గుమ్మంలో నిలబడేవాణ్ణి.

మీ బిడ్డని మరవలేని
మాస్టారు

*

మాస్టారికి,

మీ ఉత్తరం చదవబోతే పెద్దోడు వినలేదు. "పోయినోడి కథలు నాకెందుకే" అని బండి ఎక్కాడు. ఆ రోజే మేస్త్రీకి బెయిలొచ్చింది. చూస్తే ఊచ లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఫ్యాక్టరీకి పరిగెత్తాను.

గేటు దగ్గర మేస్త్రీ తలని ఇనప కమ్మీలకేసి బాదుతున్నాడు నా కొడుకు. చెవిలోంచి నెత్తురు కారుతోంది. వెల్లకిలా పడేసి, గుండెల మీద మోకాలు పెట్టి, ఊచ గొంతుకి ఆనించాడు. నిజం చెబుతున్నాను మాస్టారూ, ఒక్క క్షణం నేను ఆగాను. పొడువురా అనుకున్నాను. తర్వాత వాడి మొహం చూశాను. అచ్చం వాళ్ళ నాన్న.

మీలా నిలబడటం నాకు చేతకాలేదు. వెళ్ళి వాడి మీద పడ్డాను, చొక్కా పట్టుకుని వేలాడాను. "లే అమ్మా, లే!" అని అరుస్తూ మోచేత్తో విసిరికొట్టాడు. నా ముందు పళ్ళు రెండూ పోయాయి. నోట్లోంచి నెత్తురు వాడి చేతుల మీద పడింది. అప్పుడు ఊచ వదిలేశాడు. మేస్త్రీ పాక్కుంటూ పోయాడు.

నేను ఆ మేస్త్రీని క్షమించలేదు, క్షమించను. కోర్టులో నిలబడి చెబుతాను.

ఇంటికొచ్చాక మీ ఉత్తరం చదివాను. పళ్ళు లేక మాట సరిగ్గా రాలేదు, రెండోసారి చదవమన్నాడు. "తమ్ముడు కూడా కొట్టేవాడా?" అన్నాడు. చాలాసేపు ఏడ్చాడు. "నేనొక్కణ్ణే నాన్న పోలిక అనుకున్నానే అమ్మా" అన్నాడు.

ఇప్పుడు నా నోటికి గుడ్డ అదిమిపెట్టి పక్కనే కూర్చున్నాడు. మిమ్మల్ని ఒకటి అడగమంటున్నాడు. ఆ రోజుతో తమ్ముడు మారిపోయాడా? మళ్ళీ ఎవరినీ కొట్టలేదా? మా మనసు కుదుటపడాలని అబద్ధం రాయొద్దు. రోజూ ఆ గేటు ముందు నుంచే వీడు బండి తోలాలి, మేస్త్రీ అక్కడే ఉంటాడు.

జవాబు కోసం చూస్తూ,
ఇద్దరు కొడుకుల అమ్మ

*

ప్రియమైన పెద్దబ్బాయికి,

మళ్ళీ కొట్టాడు. నెల తిరక్కుండానే, ఈసారి ఇటుకతో. మళ్ళీ నిలబడ్డాను. ఆ తర్వాతా కొట్టాడు. కొన్నాళ్ళకి పొద్దున్నే నా బల్ల దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఇవాళ ఎవర్నో ఒకర్ని కొట్టాలని ఉంది" అని చెప్పడం మొదలుపెట్టాడు. "సరే, నా పక్కన కూర్చో" అనేవాణ్ణి. సాయంత్రం దాకా పిడికిళ్ళు బిగించుకుని కూర్చునేవాడు. బడి వదిలే ఏడాది కూడా అలా కూర్చున్న రోజులున్నాయి.

రేపు ఆ గేటు ముందు నీకు చంపాలనిపిస్తుంది. ఎల్లుండీ అనిపిస్తుంది. బండి ఎక్కేముందు అమ్మకి చెప్పు. సిగ్గుపడకు. అమ్మ పక్కన కాసేపు కూర్చుని వెళ్ళు. కూర్చోలేకపోయిన రోజు నాకు రాయి.

నీ మాస్టారు