తడిసిన నేల

మోల్డె, ఫిబ్రవరి

సున్నివా, నా చిట్టితల్లీ,

నాటకంలో నువ్వు కట్టే వేషం, ఆ భార్య, చివరికి ఇంట్లో ఉంటుందా, వెళ్ళిపోతుందా అని అడిగావు. ఆ నాటకం రాసినాయన చెప్పకుండానే పోయాడు. ఆ పుణ్యాన, దాని మీద వాదించుకుంటూ పండితులు ఇప్పటికీ బతుకుతున్నారు. ఆమె మంచు అంటిన బూట్లతో నడింట్లోకి వచ్చి మొగుడి ఎదుట నిలబడుతుంది, తెర పడుతుంది, అంతే. అక్కడ బూట్లు విప్పించి, మొగుణ్ణి క్షమించేసినట్టు చూపిద్దామంటున్నాడట మీ దర్శకుడు. వాళ్ళింట్లో నేల ఎవరు తుడుస్తారో కనుక్కో.

మన ఇళ్ళలో రాజుగారొచ్చినా గడప దగ్గర బూట్లు విప్పి మేజోళ్ళతో రావలసిందే. అలాంటిది తను కడిగిన నేల మీదికి తనే బూట్లతో వచ్చిందంటే, ఆ నేల ఇక ఆమెది కాదు. విప్పకు.

నాకెలా తెలుసంటావా? మీ అమ్మకి పాలు మాన్పించిన చలికాలం నేనూ అలాగే నిలబడ్డాను, బిడ్డని చంకనేసుకుని, చేతిలో సంచీతో. మీ తాత పేపర్లోంచి తలెత్తకుండా "నేల తడుస్తోంది, రాగ్నా" అన్నాడు. సంచీ దించి, గుడ్డ తెచ్చి తుడిచాను. వెళ్ళి ఉంటే ఏమయ్యేదో తెలీదు. ఉండమని అడగనైనా అడగని మనిషి దగ్గర ఉండిపోయానే అన్నదే నా బాధ.

మీ అమ్మమ్మ,
రాగ్నా

---

మోల్డె, మార్చి

సున్నివా తల్లీ,

నిన్నటి ఆటలో నువ్వు బూట్లు విప్పలేదు. మీ తాతా నేనూ చూశాం. ఇంటికొచ్చాక నాకేం బుద్ధి పుట్టిందో, బూట్లతోనే నడింట్లోకి పోయి నిలబడ్డాను. మంచు కరిగి నేల మీదికి కారుతోంది. మీ తాత చూశాడు. గుడ్డ తెచ్చి, ఆ పాడు మోకాలు వంచి తుడవడం మొదలుపెట్టాడు.

"ఆ రోజు నీ చేతిలో సంచీ చూశాను," అన్నాడు. "వెళ్ళకు అందామనుకున్నా. భయంతో నోటికి నేల సంగతి వచ్చింది."

"ఇన్నేళ్ళకా చెప్పడం?"

"నువ్వు తుడిచావుగా. అర్థమైందనుకున్నా."

చూశావా, ఒకే ఆఖరి రంగాన్ని చెరోరకంగా అర్థం చేసుకుని ముసలివాళ్ళమయ్యాం. సంతోషించాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది. ఆ ఒక్క మాట అప్పుడే అని ఉంటే ఈ ఇల్లు ఎంత వేరుగా ఉండేదో.

రేపటి ఆటలోనూ బూట్లు విప్పకు. కానీ మొగుడి వేషం కట్టే అబ్బాయితో ఒక మాట చెప్పు: తెర పడేలోగా అతను ఏదో అనబోయినట్టు కనిపించాలి. అనకపోయినా సరే.

నేల ఇంకా ఆరలేదు. మీ తాతకి తుడవడం రాదు.

నీ అమ్మమ్మ,
రాగ్నా