ఎర్ర బుడిపెలకు నల్లరంగు

ఆరెగాన్, ఏప్రిల్ 2

హెర్షెల్ అన్నయ్యా,

ఇక్కడ మనుషులం కులాసాయే. నిన్న ఈ ఏడు మొదటి హమ్మింగ్‌బర్డ్ వచ్చింది. తారీఖు రాద్దామని పెన్సిలు తెచ్చేలోగా, పశువుల కరెంటు కంచె తీగను పట్టి ఉంచే ఎర్ర ప్లాస్టిక్ బుడిపెను పువ్వనుకుని ముక్కు పెట్టి, కరెంటు తగిలి టప్పున రాలిపోయింది.

"ఎరుపే కావాలని ముచ్చటపడి తెచ్చింది నువ్వేగా!" అన్నాడు మా ఆయన.

క్రిస్మస్‌కి నీ కంచె కోసం పంపిన డబ్బాలోవీ ఆ ఎర్ర బుడిపెలే అన్నయ్యా! పది రోజుల్లో పిట్టలు ఉత్తరాన మీ దగ్గరికొస్తాయి. కార్డు అందగానే కరెంటు ఆపి, బుడిపెలన్నిటికీ నల్లరంగు పుయ్యి. అమ్మ మోకాలు ఎలా ఉంది? పిల్లలకు ముద్దులు. ఏటా మా దగ్గరికి పిట్ట వచ్చిన తారీఖు కోసమే అమ్మ ఎదురుచూస్తుంటుంది. తనకు ఈ కార్డు చదివి వినిపించేటప్పుడు, పిట్ట వచ్చిందన్నంతవరకే చదువు.

నీ చెల్లెలు
మేవిస్